విమానము నడుపుటయందు మొదటి పాఠము

మన పాఠశాలమీదుగా విమానము పోవునపుడు క్రింది తరగతుల పిల్లలు నేటికిని పుస్తకములు విడిచి కిటికీలయొద్దకు పరుగెత్తుదురు. పై తరగతులవారు పరుగెత్తరు గాని వారి కన్నులును పైకే పోవును. వారిలో నొకడు ఒకనాడు నన్ను, "అయ్యా, దానిని పైకి లేపుటకు నడుపువాడు ఏమి చేయును?" అని యడిగెను. నేను పలుకకమునుపే వాని ప్రక్కనున్నవాడు, "పిడిని వెనుకకు లాగును. లాగిన లేచును, త్రోసిన దిగును, అంతే" అని తీర్పు చెప్పివేసెను. ఈ జవాబు సగము నిజము. తక్కిన సగము తెలియకయో, తెలిసియు సమయమునకు తోచకయో ప్రాణములు పోగొట్టుకొన్నవారు విమానయానచరిత్రయందు అనేకులు గలరు. కావున చిన్న విమానములో మొదటిసారి పాఠమునకు కూర్చున్న విద్యార్థికి ఏమి చూపుదురో, ఏల చూపుదురో ఇచట వివరింపబూనితిని.

నేడు లోకమున ఈ విద్య నేర్పుటకు మిక్కిలి వాడుకలోనున్న విమానములలో నొకటి సెస్నా 172. ఇది మొదట 1955లో ఎగిరెను. నాటినుండి 44,000లకు పైగా తయారయినవి. ఇన్ని తయారయిన విమానము మఱియొకటి లేదు. దీని ఱెక్క ఈ కొననుండి ఆ కొనవఱకు 36 అడుగులు. మనుష్యులతోను ఇంధనముతోను నిండినపుడు సుమారు 1,100 కిలోగ్రాములు తూగును. అనగా ఒక చిన్న మోటారుకారు బరువు. లోపలి చోటు కారుకంటెను ఇరుకు. ఎడమవైపున విద్యార్థియు, కుడివైపున శిక్షకుడును భుజములు తగులునట్లు కూర్చుందురు. ఇద్దఱిముందును పిడులు, ఇద్దఱి పాదములకును పెడలులు గలవు. ఒకరు కదల్చినది రెండవవారి చేతిలోను కదలును.

పాఠము ఆకాశమున ప్రారంభము కాదు. మొదట విమానముచుట్టు నడచి చూడవలెను. ఱెక్క అడుగున చిన్న తూము గలదు. దానినుండి కొంచెము ఇంధనమును గాజుపాత్రలోనికి పట్టి వెలుతురున చూతురు. ఇంధనమునకు నీలిరంగు కలిపియుండును. నీరు దానికంటె బరువైనది గాన, తొట్టిలో చేరిన నీరు అడుగుననే యుండి పాత్రలో రంగులేని పొరగా కనబడును. రాత్రి చల్లదనమునకు తొట్టిలోని గాలియందలి తేమ నీరగుట మన విజ్ఞానశాస్త్రపు తరగతిలో చెప్పినదే. ఇచట దానిని మఱచినచో ఇంజను ఆకాశమున ఆగును. పిదప నూనె కొలుతురు, టైర్లు తడవుదురు, కదలెడి భాగములన్నిటిని చేతితో కదల్చి చూతురు. ఇదంతయు ఒక పట్టిక ప్రకారము జరుగును. పది వేల గంటలు ఎగిరినవాడైనను ఆ పట్టికను ప్రక్కకు పెట్టడు. ప్రశ్నపత్రమును రెండవమారు చదువని మన విద్యార్థులు ఈ సంగతి గమనింతురుగాక.

ఇంజను నడిచిన తరువాత విద్యార్థికి మొదటి చిక్కు నేలమీదనే కలుగును. ఎదుట పిడి కారు చక్రమును పోలియుండుటచేత మలుపు రాగానే దానిని త్రిప్పును. విమానము తిన్నగనే పోవును. మఱికొంత త్రిప్పును. అది గడ్డివైపునకు పోవును. నేలమీద విమానమును మలుపునది పిడి కాదు, పాదములు. కుడి పెడలు త్రొక్కిన కుడికి, ఎడమది త్రొక్కిన ఎడమకు. సైకిలు త్రొక్కినవారును, కారు నడపినవారును, పగ్గములు పట్టి ఎడ్లను తోలినవారును చేతులతోనే మలుపుటకు అలవాటుపడినవారు. ఆ అలవాటును చేతులు మానుకొనవలెను.

రన్‌వేపై పూర్తి బలమిచ్చినపుడు విమానము ఎడమకు లాగును. ప్రొపెల్లరు వెనుకకు త్రోసిన గాలి సుడివలె తిరిగి తోకను తాకుట దీనికి ఒక కారణము. కుడిపాదముతో సరిదిద్దుచుండవలెను. వేగము గంటకు సుమారు 100 కిలోమీటర్లయినపుడు పిడిని కొంచెము వెనుకకు తెచ్చిన చాలును. చక్రముల గడగడ ఆగును. అదియే నేల విడిచిన గుఱుతు.

ఇప్పుడు దానిని పైన నిలిపినదేమి? ఇంజను అని చెప్పుదురు. ఇంజను ముందుకు మాత్రమే లాగుచున్నది. నిలుపునది ఱెక్క. పోవుచున్న రైలుబండి కిటికీనుండి అఱచేయి చాచినవారు దీనిని ఎఱుగుదురు. (మీరు చాపరాదు, చాచినవారి మాట నమ్మిన చాలును.) అఱచేతిని గాలికి సమముగా పట్టిన అది ఊరక నిలుచును. ముందరి అంచును కొంచెమెత్తిన చేయి తనంతట లేచును. మఱికొంత ఎత్తిన మఱికొంత లేచును. గోడవలె నిలువబెట్టిన లేవదు సరిగదా, వెనుకకు విసరివేయబడును. సంక్రాంతినాటి గాలిపటమును గాలికి ఏటవాలుగా నిలుచుటచేతనే నిలుచుచున్నది.

కొన్ని పుస్తకములలో మఱియొక కారణము వ్రాసియుందురు. ఱెక్క పైభాగము వంపుగా నుండుటచే పైగాలి ఎక్కువ దూరము పోవలసియున్నదనియు, క్రిందిగాలితో ఒకే క్షణమున వెనుక అంచును చేరుటకై త్వరగా పోవుననియు అందురు. ఇది పొరపాటు. రెండును ఒకే క్షణమున చేరవలెనను నియమమేదియు లేదు. పరీక్షించి చూడగా పైగాలియే ముందుగా చేరుచున్నది. పైన వేగము హెచ్చుటయు, పీడనము తగ్గుటయు నిజమే గాని వారు చెప్పిన హేతువు నిజము కాదు. వంపే కారణమైనచో తలక్రిందులుగా ఎగురు విమానము నేలకు పడవలెను గదా! ఱెక్క గాలిని క్రిందికి మళ్లించుచున్నది. గాలి ఱెక్కను పైకి త్రోయుచున్నది. న్యూటను మూడవ సూత్రమును వల్లించువారు దాని అర్థమును ఇచట చూడవచ్చును.

కొన్ని వేల అడుగుల ఎత్తున శిక్షకుడు "యూ హ్యావ్ కంట్రోల్" అనును. విద్యార్థి "ఐ హ్యావ్ కంట్రోల్" అని బదులు చెప్పినపిదపనే శిక్షకుడు చేయి తీయును. ఇది మర్యాదకొఱకైన మాట కాదు. ఇద్దఱును నడుపుచున్నామని పెనగులాడుటగాని, ఎదుటివాడే నడుపుచున్నాడని ఇద్దఱును ఊరకుండుటగాని జరుగకుండుటకు ఏర్పఱచిన కట్టడి.

పిడి చేతికి రాగానే విద్యార్థి దానిని బావిత్రాడువలె బిగించి పట్టుకొనును. కన్నులు ఎదుటనున్న గడియారములవంటి పరికరములపై నాటుకొనును. ఎత్తు చూపు ముల్లు కొంచెము పెరిగిన త్రోయును, తరిగిన లాగును. ముల్లు ఆలస్యముగా కదలును గనుక వాని సవరణయు ఆలస్యమగును. విమానము అలలపై పడవవలె లేచుచు పడుచు పోవును. అపుడు శిక్షకుడు పరికరములను కాగితముతో కప్పివేయుటయు కద్దు. "బయట చూడుము" అనును. ఆకాశము నేలను తాకినట్లు కనబడు క్షితిజరేఖకు విమానపు ముక్కు ఎంత క్రిందుగా నున్నదో గుఱుతుంచుకొని అచటనే యుంచిన చాలును, ఎత్తును వేగమును తామే కుదురుకొనును. తరువాత ట్రిమ్ అను చిన్న చక్రమును సరిచేసి, "చేతులు తీయుము" అనును. విద్యార్థి భయపడుచు తీయును. విమానము ముందటికంటె తిన్నగా పోవును! దానిని పట్టి నిలుపుచున్నది తన బలము కాదని అపుడు వానికి తెలియును. నా అభిప్రాయమున మొదటి పాఠములో ఇంతకంటె విలువగల క్షణము లేదు.

మలుపుటయు నేర్పుదురు. పిడిని ప్రక్కకు త్రిప్పిన ఱెక్కల అంచులయందలి పలకలు కదలి, ఒక ఱెక్క వాలి, విమానము ఆ వైపునకు మలుగును. మొదట ముక్కు కొంచెము ఎదురువైపునకు తొలగును గనుక పాదముతో చుక్కానిని కలుపవలెను. రెండును సరిగా కలిసిన మలుపులో గ్లాసులోని నీరు ఒక ప్రక్కకు ఒరగదు.

ఇక ఆ విడిచిన సగము సంగతి. పిడిని లాగినకొలది ఱెక్క గాలికి ఎక్కువ ఏటవాలగును. సుమారు 15 డిగ్రీలు దాటిన పిమ్మట పైగాలి ఱెక్కను అంటి పోజాలక చెదరిపోవును. ఎత్తుబలము ఒక్కసారిగా తగ్గును. దీనినే స్టాల్ అందురు. కారు నడుపువారి వాడుకలో ఈ మాటకు ఇంజను ఆగుట అని అర్థము. విమానమునందు ఇంజను చక్కగా మ్రోగుచుండగనే స్టాల్ కలుగవచ్చును. అపుడు విమానము క్రిందికి పడుచుండును. పడుచున్నవాని చేయి ఏమి కోరును? ఇంకను వెనుకకు లాగుమని కోరును. లాగినకొలది ఏటవాలు హెచ్చును, పడుట మానదు. ముక్కును క్రిందికి దింపవలెను. నేల కనబడుచున్నను నేలవైపే దింపవలెను. ఏటవాలు తగ్గగానే గాలి మరల ఱెక్కను అంటును, పిడి మరల మాట వినును. చాలినంత ఎత్తున నున్న చిన్న విమానమున ఇదంతయు కొన్ని క్షణముల పని. మొదటి పాఠమున దీనిని చేయింపరు. కొందఱు శిక్షకులు ఒకమారు చూపుదురు, కొందఱు మాటలతో చెప్పి తరువాతి పాఠములకు విడుతురు.

జర్మనీ దేశస్థుడైన ఆటో లిలియెన్‌తాల్ ఇంజను లేని ఱెక్కలతో కొండలపైనుండి సుమారు రెండువేల మారులు ఎగిరెను. 1896 ఆగస్టు 9న ముక్కు పైకి లేచి, ఱెక్క పట్టు తప్పి, సుమారు 50 అడుగుల ఎత్తునుండి పడి మరునాడు మృతినొందెను. రైట్ సోదరులు ఆయన వ్రాతలు చదివినవారే. 1903 డిసెంబరు 17న 12 సెకండ్లలో 120 అడుగులు ఎగురుటకు ముందు వారు ఇంజను లేని విమానములతో ఏండ్ల తరబడి అభ్యసించిరి. వారికి గురువు లేడు.

తరువాత గురువులు వచ్చిరి గాని వారిలో అనేకులు అపాయమునొద్దకు శిష్యుని పోనిచ్చెడివారు కారు. 1917లో ఇంగ్లండునందలి గాస్‌పోర్టున రాబర్ట్ స్మిత్-బారీ అను సైనికుడు ఈ పద్ధతిని మార్చెను. రెండు పిడులు గల విమానమున శిష్యుని అపాయములోనికి తానే తీసికొనిపోయి, దానినుండి వెలువడు మార్గమును వానిచేతనే చేయించెను. మ్రోతలో మాట వినబడుటకు ఒక గొట్టము నుపయోగించిరి. ఆ గొట్టమునకు గాస్‌పోర్టు పేరే నిలిచినది. నేటి శిక్షణకు పునాది ఇదియే.

ఇంత శిక్షణ యున్నను సంకటసమయమున చేయి పాత అలవాటునకు పోవుననుటకు ఒక విషాదకరమైన నిదర్శనము గలదు. 2009 జూన్ 1న బ్రెజిల్ నుండి పారిసునకు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ 447వ విమానమున వేగము కొలుచు గొట్టములు మంచుచే మూసికొనిపోయి పరికరములు తప్పు చూపెను. నడుపుచున్న యువకుడు ముక్కును పైకెత్తెను. 35,000 అడుగులకు పైన విమానము స్టాల్‌లో పడెను. హెచ్చరిక మ్రోగుచుండెను. అయినను పిడి చాలవఱకు వెనుకకే లాగబడియుండెను. సుమారు మూడున్నర నిమిషములలో విమానము అట్లాంటిక్ సముద్రమున పడి 228 మందియు మరణించిరి. అర్ధరాత్రి, మేఘములు, కనబడని క్షితిజరేఖ. ఇంట దీపముక్రింద కూర్చుండి వారిని నిందించుట న్యాయము కాదు. దీని పిమ్మట స్టాల్‌నుండి తప్పించుకొను అభ్యాసమును పెద్ద విమానముల నడుపువారికిని మరల శ్రద్ధగా చేయింపసాగిరి.

తలిదండ్రులు తఱచుగా అడుగు ప్రశ్న, "ఇంజను ఆగినచో?" అనునది. ఆగిన విమానము రాయివలె పడదు. గాలి నిలుకడగా నున్నపుడు సెస్నావంటి విమానము ఒక కిలోమీటరు ఎత్తునుండి సుమారు తొమ్మిది కిలోమీటర్లు జారుచు పోగలదు. అందుచేతనే శిక్షకుడు మాటల నడుమ, "ఇప్పుడు ఆగినచో ఏ పొలములో దిగుదువు?" అని యడుగుచుండును. విద్యార్థి కంటికి క్రిందనున్న పొలములు అందమైన గళ్లగుడ్డగా తోచుట ఆ క్షణముతో ముగియును. ఏది చదునైనది, ఏది బురద, ఎచట కరెంటు తీగెలున్నవి అని చూడనారంభించును.

మన దేశమున శిక్షణపొంది లైసెన్సు పొందినవారిలో మొదటివాడు జె. ఆర్. డి. టాటా. అది 1929 ఫిబ్రవరి 10. సరళా ఠక్రాల్ 1936లో చీర కట్టుకొనియే జిప్సీ మాత్ అను చిన్న విమానమును నడపెను. నేడు భారతదేశమందలి పైలటులలో స్త్రీల పాలు లోకపు సగటుకంటె మిక్కిలి హెచ్చు. ఈ సంగతి మా బాలికలకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. మన ప్రాంతమున హైదరాబాదుచెంతనున్న దుండిగల్‌లో వైమానికదళపు శిక్షణాలయము గలదు. విద్యార్థిగా అనుమతిపత్రము పొందుటకు 16 ఏండ్లు నిండవలెను. సొంతముగా నడుపుకొను లైసెన్సుకు 17 ఏండ్లును 40 గంటల అభ్యాసమును, జీతమునకు నడుపుటకు 18 ఏండ్లును 200 గంటలును కావలెను. వైద్యపరీక్ష అన్నిటికిని ముందు. ఖర్చు మాత్రము సామాన్యకుటుంబము భరించునది కాదు. అప్పు చేయకమునుపు వైద్యపరీక్ష చేయించుకొనుట మేలు.

మొదటి పాఠమున నేలకు దించువాడు శిక్షకుడే. విద్యార్థి చేతులు పిడిపై తేలికగా నుంచి, అది ఎట్లు కదలుచున్నదో తెలిసికొనుచుండును. రన్‌వే తాకుటకు ముందు శిక్షకుడు పిడిని మెల్లమెల్లగా వెనుకకు తెచ్చును. నేల కొన్ని అడుగుల దూరమున మాత్రమే యున్నపుడు ఱెక్క బలము చాలకపోవునట్లు తానే చేయును, చక్రములు ఆనును. విమానము ఆగి, ఇంజను చల్లారుచుండగా, విద్యార్థికి ఒక క్రొత్త పుస్తకము ఇత్తురు. అందు తేది, విమానపు సంఖ్య, శిక్షకుని పేరు, గాలిలో గడపిన కాలము వ్రాయుటకు గళ్లు గలవు. మొదటి వరుసను నింపి శిక్షకుడు సంతకము చేయును. ఒంటరిగా ఎగిరిన గంటలకు వేఱుగా నున్న గడిలో ఆనాడు ఏమియు వ్రాయరు.