హాన్లేలో దుర్భిణి, హొసకోటలో కన్ను

నా చిన్నతనంలో పుష్యమాసం వచ్చిందంటే రాగి కళ్లంలో కాపలా పడక మా తాతదీ, నాదీ. కంబళి కప్పుకొని వెల్లకిలా పడుకొంటే తాత పిల్లలకోడిని, గొల్లకావడిని వేలెత్తి చూపేవాడు. రాత్రి యెంత గడిచిందో ఆయనకు చుక్కలే చెప్పేవి. యిప్పుడు ఆ కళ్లమూ లేదు, తాతా లేడు. మా మాస్తి పిల్లలు ఉద్యోగాలకని బెంగుళూరు చేరారు. అక్కడి దీపాల వెలుగులో పిల్లలకోడి కనబడడమే గగనం.

అటువంటి పిల్లలే కొందరు మొన్న సంక్రాంతికి వచ్చినపుడు మన సంఘం పెద్దల ముందు ఒక కోరిక పెట్టారు. వారు చుక్కలు చూచే చిన్న క్లబ్బు ఒకటి పెట్టుకొన్నారట. మాస్తిలో మా మిద్దె మీద దుర్భిణి వుంచి, దాన్ని బెంగుళూరులో కూర్చొని నడుపుతారట. సంఘం నిధి నుండి కొంత సాయం కావాలన్నారు. లెక్కలు వ్రాసేవాణ్ణి కనుక విచారించి చెప్పమని పెద్దలు నాకు అప్పగించారు. “దుర్భిణి యిక్కడ, కన్ను అక్కడానా? యిదేం చోద్యమయ్యా!” అని ఒక పెద్దాయన నవ్వారు. నేనూ నవ్వినవాణ్ణే. విచారించిన మీదట నవ్వు ఆగింది.

మాలూరు దాటి మనం పోతూ వచ్చే హొసకోట దగ్గరనే, సిడ్లఘట్ట దారిలో, భారత ఖగోళ భౌతిక సంస్థవారి ప్రాంగణం వుంది. దాన్ని క్రెస్ట్ అంటారు. అక్కడ కూర్చొన్న శాస్త్రజ్ఞులు లడఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి సుమారు 4,500 మీటర్ల యెత్తున కొండమీద వున్న దుర్భిణిని నడుపుతారు. దాని పేరు హిమాలయ చంద్ర టెలిస్కోపు. 1983లో నోబెల్ బహుమానం పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారి పేరే దానికి పెట్టారు. దాని అద్దం అడ్డుకొలత 2 మీటర్లు. 2000 సెప్టెంబరులో అది తొలిసారి చుక్కల వెలుగు పట్టింది. 2001లో ఉపగ్రహం ద్వారా హొసకోటతో సంబంధం యేర్పడింది. హొసకోటలో యిచ్చిన ఆజ్ఞ సుమారు 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహానికి యెగిరి, తిరిగి హాన్లేలో దిగడానికి పట్టేది సెకనులో నాలుగోవంతు.

అంత దూరం యెందుకంటే, అక్కడ గాలి పొడిగా, పలుచగా వుంటుంది. ఆకాశం చీకటిగా వుంటుంది. యేటా 250కి పైగా రాత్రులు పనికి వస్తాయి. కాని చలికాలంలో చలి సున్నకు 20 డిగ్రీల కిందికి పోతుంది, వూపిరి చాలదు. అంచేత దుర్భిణికి అనువైన చోట దుర్భిణిని, మనిషికి అనువైన చోట మనిషిని వుంచారు.

కంటితో చూడనిది చూపేనా అనేవారికి మన జిల్లాలోనే జవాబు వుంది. 1965లో కోలారు బంగారు గనిలో, రెండు కిలోమీటర్లకు పైబడిన లోతున, కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఆకాశపు సంగతి పాతాళంలో తెలిసినపుడు బెంగుళూరులో తెలియకూడదా?

యిక మన పిల్లల సంగతి. వారికి 8 అంగుళాల అద్దం చాలు. దాన్ని మోసే పీఠం భూమి తిరుగుడుకు సరిగా యెదురు తిరగాలి. అందుకు దాని యిరుసు ధ్రువనక్షత్రం వైపు గురిగా వుండాలి. హాన్లేలో ధ్రువుడు దిగంతానికి సుమారు 33 డిగ్రీల పైన వుంటాడు. మాస్తిలో 13 డిగ్రీలే. కనుక ఉత్తరాన చెట్టో, నీళ్ల ట్యాంకో అడ్డుంటే గురి కుదర్చడం కష్టం. పట్టాల మీద జరిగే రేకుల కప్పు కావాలి. చినుకు పడగానే పసిగట్టి కప్పు మూయించే పరికరం కావాలి. కెమెరా తీసిన చిత్రాన్ని చుక్కల పటంతో సరిపోల్చి, దుర్భిణి యెటు చూస్తున్నదో కంప్యూటరే చెబుతుంది. అన్నిటికీ మించి, కరెంటు పోయినా కప్పు మూసుకొనేందుకు బ్యాటరీ కావాలి.

యీ ఆఖరిది యెంత అవసరమో మాకు అనుభవమే. పోయిన కార్తీకంలో పిల్లలు అరువు తెచ్చిన దుర్భిణితో పరీక్ష చేశారు. కప్పు యింకా లేదు. ఒక రాత్రి పదకొండు గంటలకు కరెంటు పోయింది. బెంగుళూరులో వారి తెర నల్లబడింది. మాస్తిలో వాన మొదలైంది. ఆ రాత్రి నేను వూళ్లో లేను. ఫోను మీద ఫోను చేశారుగాని చేయగలిగిందేమీ లేదు. పక్కింటి అత్త, డెబ్బయి దాటిన మనిషి, టార్చిలైటు పట్టుకొని మెట్లెక్కి, రాగులారబోసే టార్పాలు దానిమీద కప్పి, అంచులకు రాళ్లు పెట్టి దిగింది. మర్నాడు అడిగితే, “పిల్లోళ్ల సొత్తు తడస్తా వుంటే చూస్తా కూచుండేదా నాయనా?” అన్నది.

హాన్లేలోనూ యిదే నియమం. మీట హొసకోటలో వున్నా, ఇంజనీర్లు వంతులవారీగా ఆ కొండమీదనే వుంటారు. కెమెరాను చల్లబరచే ద్రవ నైట్రోజను నింపాలన్నా, మంచు తొలగించాలన్నా మనిషి కావాలి. 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడి పల్లెవాసులు దీపాలకు తెరలు వేసుకొంటున్నారు. ఆ వూళ్ల యువతీయువకులకే దుర్భిణులు యిచ్చి, వచ్చినవారికి ఆకాశం చూపించే పని నేర్పారు. కొండ క్రింది వూరు తోడు లేనిదే కొండమీది అద్దం నిలవదు.

కనుక సంఘం సాయం చేయవచ్చుననే నా అభిప్రాయం; కాని మూడు షరతుల మీద. మొదటిది, అద్దం కొనేముందు కప్పు, బ్యాటరీ సిద్ధం కావాలి. రెండవది, తాళంచెవి వూళ్లోనే వుండాలి. అత్త మనుమరాలు పి.యు.సి. చదువుతున్నది, ఆమెకు నెలకింత యిచ్చి, కాపలా మాత్రమే కాక నడపడం కూడా నేర్పాలి. వూరివాళ్లం కాపలాకు, బెంగుళూరువాళ్లు చూడడానికి అంటే న్యాయం కాదు. మూడవది, మా యింటి ముందరి వీధిదీపానికి వెలుగు నేలమీదనే పడేటట్టు మూత వేయించాలని పంచాయతీకి అర్జీ పెట్టాలి. దాన్ని నేనే వ్రాస్తాను.

ఖర్చు వివరం వేరుగా సమర్పించాను, పెద్దలు ఆలోచించగలరు. సంకల్పం నెరవేరితే, వచ్చే పుష్యమాసంలో ఒక రాత్రి కెమెరా తీసివేసి, పిల్లలకోడిని కంటితోనే చూచేటట్టు అమర్చాలి. మొదటి చూపు పక్కింటి అత్తది కావాలని నా మనవి.