ల్యాప్‌టాప్‌నకు రెండవ గుమ్మి

పంట ఎక్కువైన యేట రెండవ ధాన్యపు గుమ్మి నిలుపుకొనుట మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల ఒకప్పటి వాడుక. నేడు మన యిండ్లలో పంటకంటె వేగముగ పెరుగుచున్నవి పిల్లల ఛాయాచిత్రములు, పెండ్లి వీడియోలు, బడి లెక్కలు. ల్యాప్‌టాప్ నిండినంతనే క్రొత్తది కొననక్కరలేదు. పెక్కింటిలో రెండవ డ్రైవునకు చోటుండును. కాని తొందరపడినచో ఉన్నదియు పోవును.

మొదట మోడలు పేరునుబట్టి తయారీదారుల పుస్తకమున చోటున్నదో లేదో చూడవలెను. ఎం.2 చోటున్నచో 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు గల పలుచని డ్రైవు తరచుగ సరిపడును. ఇందు ఎన్‌వీఎంఈ, సాటా అని రెండు జాతులు కలవు. చూపునకు ఒక్కతీరుగ నున్నను ఒకదాని చోట వేరొకటి పనిచేయకపోవచ్చును. మూత విప్పినచో వారంటీ చెల్లునో లేదో కూడ తెలిసికొనవలెను.

పిదప ముఖ్యమైన ఫైళ్లకు ప్రతి తీసి వేరొక చోట నుంచవలెను. బిట్‌లాకరు తాళమున్నచో దాని రికవరీ కీని కాగితమున వ్రాసికొనవలెను. లేనిచో యంత్రము యజమానురాలినే లోనికి రానీయకపోవచ్చును.

అటుపై షట్‌డౌన్ చేసి, ఛార్జరు తీసి, మూత విప్పి, లోపలి బ్యాటరీ తీగను విడదీయవలెను. ఆదిలాబాదు చలికాలపు పొడిగాలిలో ఉన్ని శాలువ, పట్టుచీర రాపిడివలన పుట్టు విద్యుత్తు మనకు చురుక్కుమనుటయే. డ్రైవునకు మాత్రము ప్రాణాపాయము. కావున నూలుచీర కట్టి, ఉంగరములు, లోహపు గాజులు తీసి, పుస్తెలత్రాడును రవికెలోనికి చేర్చి, ముందుగ ఏదేని పెద్ద లోహవస్తువును తాకవలెను. మట్టిగాజులతో చిక్కులేదు. డ్రైవును ఏటవాలుగ దూర్చి, మెల్లగ అదిమి, మర బిగింపవలెను. బలవంతము కూడదు.

క్రొత్త డ్రైవు వెంటనే కానరాకపోవచ్చును. విండోసులో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి దానిని ఇనీషియలైజ్ చేసి, ఫార్మాట్ చేయవలెను. పెద్ద ప్రమాదము ఇచ్చటనే యున్నది. పరిమాణము చూచి క్రొత్తదేదో గుర్తింపక పాతదానిని ఫార్మాట్ చేసితిమా, గింజ మిగులదు.

గుమ్మి రెండైనంతమాత్రమున ధాన్యము రెండింతలు కాదు. చిత్రములను క్రొత్త డ్రైవునకు తరలించి పాతచోట తుడిచివేసినచో మిగులునది ఒక్క ప్రతియే. ల్యాప్‌టాప్ దొంగలపాలైనచో రెండు డ్రైవులును కలిసియే పోవును. తాటాకులు శిథిలమైనను మన కావ్యములు నిలిచినది, పెద్దలు మరల మరల ప్రతులు వ్రాసినందుననే. మనమును ఒక ప్రతిని యంత్రమునకు వెలుపల దాచుదము.