పట్టా మీద ఎవరి పేరుంటుంది?

నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజినీరింగ్ పిల్లల ఫైలులో మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఉంటాయి. చదివింది ఘట్‌కేసర్ వైపు ఏ ప్రైవేటు కాలేజీలోనో అయినా, చాలామంది ఓడీ మీద కనిపించేది జేఎన్‌టీయూ పేరే. కాలేజీ తనంతట తాను డిగ్రీ ఇవ్వలేదు. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం ఆ అధికారం విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా హక్కు ఇచ్చిన సంస్థలకే ఉంది.

గచ్చిబౌలి చుట్టుపక్కల తిరిగితే ఈ తేడాలన్నీ కళ్లకు కడతాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టింది, నిధులు కేంద్రానివి. 1998లో మొదలైన ట్రిపుల్ ఐటీకి రాష్ట్ర ప్రభుత్వం స్థలం ఇచ్చినా పాలన ఆ సంస్థ చేతిలోనే ఉంది, 2001లో డీమ్డ్ హోదా వచ్చింది. అదే ఏడాది తరగతులు మొదలుపెట్టిన ఐఎస్‌బీ దారి వేరు. అది యూనివర్సిటీ కాదు కాబట్టి ఎంబీఏ డిగ్రీ ఇవ్వదు. అయినా కంపెనీలు అక్కడి పిల్లల కోసం పోటీపడతాయి.

మన ఇళ్లలో పిల్లలు ఎక్కువగా వెళ్లేది మాత్రం అనుబంధ కాలేజీలకే. అక్కడ ఒక్క బీటెక్ సీటు వెనుక ఎన్ని చేతులున్నాయో చూడండి. కోర్సుకు అనుమతి ఏఐసీటీఈది. ప్రవేశ పరీక్ష, కౌన్సెలింగ్ ఉన్నత విద్యామండలి చూస్తుంది. ఫీజు ఎంత ఉండాలో నియంత్రణ కమిటీ సిఫారసు చేస్తే ప్రభుత్వం ఖరారు చేస్తుంది. సిలబస్, పరీక్షలు, పట్టా జేఎన్‌టీయూవి. అటానమస్ కాలేజీ అయితే సిలబస్, పరీక్షలు దాని సొంతం, పట్టా మాత్రం యూనివర్సిటీదే. 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, మిగతావి మేనేజ్‌మెంట్ కోటాలో నిండుతాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేది కన్వీనర్ సీటుకే. అందుకే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు తల్లిదండ్రులకు అంత ఆందోళన.

2018లో తెలంగాణ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం తెచ్చింది. 2020లో మహీంద్రా, అనురాగ్ సహా ఐదింటికి అనుమతి వచ్చింది. ఇవి సొంతంగా డిగ్రీలిస్తాయి, ప్రవేశాలు, ఫీజులు కూడా సొంతంగానే నిర్ణయించుకుంటాయి. ఇక్కడ కన్వీనర్ కోటా లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2021 నుంచి ప్రైవేటు వర్సిటీల్లోనూ 35 శాతం సీట్లు ఆ కోటా కింద నింపుతున్నారు. మంచి ర్యాంకు తెచ్చుకుని ఫీజు కట్టలేని తెలంగాణ పిల్లలకూ ఆ అవకాశం దక్కాలి.