నానో ఎరువులు

నానో ఎరువులు అనగా పోషక పదార్థములను అతి సూక్ష్మ కణాలుగా మార్చి తయారుచేసిన ఎరువులు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. భారతదేశంలో వీటిలో ఎక్కువగా వాడుకలోకి వచ్చినది ద్రవరూప నానో యూరియా.

చరిత్ర
భారత రైతుల ఎరువుల సహకార సంస్థ (ఇఫ్కో) గుజరాత్‌లోని కలోల్ పరిశోధనా కేంద్రంలో నానో యూరియాను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో దీనిని ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చేర్చింది. అదే సంవత్సరం మే 31న 500 మిల్లీలీటర్ల సీసా 240 రూపాయల ధరతో విడుదలైనది. నానో డీఏపీ 2023లో వచ్చినది.

పనిచేయు విధము
పొలంలో చల్లిన యూరియాలో సగానికి పైగా నత్రజని పైరుకు అందదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా నేలలోకి ఇంకి భూగర్భజలాన్ని కలుషితం చేస్తుంది. మరికొంత నైట్రస్ ఆక్సైడుగా మారి భూతాపాన్ని పెంచుతుంది. ఆకులపై పిచికారి చేసిన నానో కణాలు పత్రరంధ్రాల గుండా నేరుగా మొక్కలోకి చేరి ఈ నష్టాన్ని తగ్గిస్తాయని తయారీదారుల వివరణ.

లెక్క - వివాదము
45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అనగా సుమారు 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 2021 నాటి నానో యూరియాలో నత్రజని 4 శాతం. 500 మిల్లీలీటర్లలో 20 గ్రాములు మాత్రమే. 2024లో వచ్చిన 20 శాతం రకములోనూ సీసాకు 100 గ్రాములే. ఒక టన్ను వరి ధాన్యం పండుటకు పైరు సుమారు 15 నుండి 20 కిలోల నత్రజని తీసుకొంటుంది. కావున సీసా బస్తాకు సమానమన్న ప్రచారాన్ని పలువురు శాస్త్రవేత్తలు ప్రశ్నించారు.

దేశమంతటా 94 పంటలపై జరిపిన ప్రయోగాలలో దిగుబడి సగటున 8 శాతం పెరిగినదని ఇఫ్కో ప్రకటించింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు రెండేళ్ళ పరిశోధనలో మాత్రం, సిఫారసు చేసిన నత్రజని వేసిన మడులతో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం తగ్గినవి.

ఉత్తరాంధ్రలో
విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి ప్రాంతాలలో వరి, మొక్కజొన్న ముఖ్యమైన పంటలు. జిల్లాలో ఎర్ర నేలలు ఎక్కువ. తేలిక నేలలలో నత్రజని త్వరగా కిందికి ఇంకిపోతుంది గనుక ఆకులపై పిచికారి ఇక్కడి రైతులకు ఆకర్షణీయమైన ఆలోచన. 2025 ఖరీఫ్‌లో రాష్ట్రంలో యూరియా కొరత ఏర్పడినపుడు దీనిపై చర్చ మరింత పెరిగినది. అయితే సీసాను నమ్మి బస్తాను పూర్తిగా మానివేసిన చిన్న రైతు ఆ పంటకాలపు దిగుబడినే పణంగా పెట్టినట్లవుతుంది.

వాడకములో జాగ్రత్తలు
* ఉభాల సమయంలో నేలకు వేయవలసిన ఎరువును మానరాదు. పిచికారి పైపాటు ఎరువుకు తోడు మాత్రమే.
* 2021 నాటి సూచన ప్రకారం లీటరు నీటికి 2 నుండి 4 మిల్లీలీటర్లు కలిపి, పిలకలు వేసే దశలో ఒకసారి, పూతకు ముందు ఒకసారి చల్లాలి.
* పిచికారి చేసిన 12 గంటలలోపు వర్షము పడితే తిరిగి చల్లాలి.
* మొదట కొద్దిపాటి మడిలో వాడి, పక్క మడితో దిగుబడిని పోల్చి చూసుకొనుట మేలు.

పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పప్పుజాతి పంటలతో మార్పిడి, భూసార పరీక్ష ఆధారంగా ఎరువుల మోతాదు - సుస్థిర వ్యవసాయానికి ఇవి ఇప్పటికీ పునాదులు. నానో ఎరువులు వీటికి ప్రత్యామ్నాయము కావు.