రంగు లేని రక్షణ

మదురై జిల్లా మేలూరులో ఏటా ఏప్రిల్ మధ్యలోనూ, ఆగస్టు చివరలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కిరణాలు నిట్టనిలువుగా దిగుతాయి. పైగా భూమధ్యరేఖ ప్రాంతాల మీద ఓజోన్ సహజంగానే పలచన. అందుకే అతినీలలోహిత (యూవీ) కిరణాల తాకిడి ఇక్కడ ఎక్కువ. వాటిలో 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే ‘యూవీ-బి’ కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. దాన్ని ఆపాలి, ఆహారం తయారీకి కావలసిన వెలుగును మాత్రం రానివ్వాలి. ఆకుకున్న చిక్కు ఇదే.

నాయకరాజుల కాలం నుంచీ తెలుగు మాట వినిపిస్తున్న ఈ సీమలో, ఉగాది పచ్చడికి వేపపూత కోసే రోజుల్లోనే కొమ్మల చివర రాగిరంగు చిగుళ్లు కనిపిస్తాయి. మామిడి, రావి చిగుళ్లూ ఎర్రనే. ఆ ఎరుపు ఆంథోసయనిన్లు అనే వర్ణకాలది. యూవీని ఆపేది ఇవేనని చాలామంది అనుకుంటారు. కానీ ఇవి ముఖ్యంగా తగ్గించేది కంటికి కనిపించే వెలుగును. ఇంకా ముదరని పత్రహరితానికి ఆ వెలుగు ఎక్కువైతే కష్టం. పురుగులను దూరంగా ఉంచడానికీ ఈ ఎరుపు పనికొస్తుందని కొందరు శాస్త్రవేత్తల వాదన.

యూవీ-బిని ఆపే అసలు పని మనకు దాదాపు కనిపించని పదార్థాలది. క్వెర్సెటిన్, కెంఫెరాల్ వంటి ఫ్లేవనాయిడ్లు ఆకు పైపొర కణాల్లో గొడుగులా పరుచుకుంటాయి. యూవీని పీల్చుకుని, ఎరుపు, నీలి వెలుగులను లోపలికి వదులుతాయి.

ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క దీనికి సాక్ష్యమిచ్చింది. ఫ్లేవనాయిడ్లు తయారుచేయలేని రకాలు యూవీ-బి తగిలితే తీవ్రంగా దెబ్బతింటాయని 1993లో తేలింది. 2011లో మరో అద్భుతం బయటపడింది: మొక్కలు యూవీ-బిని ఎలా గుర్తుపడతాయో తెలిసింది! యూవీఆర్8 అనే ప్రోటీన్ జంటగా ఉంటుంది. ఆ కిరణం తగలగానే జంట విడిపోతుంది, ఫ్లేవనాయిడ్ల తయారీకి సంకేతం వెళ్తుంది. అప్పటికే డీఎన్‌ఏ దెబ్బతిని ఉంటే, ఫోటోలయేజ్ అనే ఎంజైము నీలి వెలుగు సాయంతో బాగుచేస్తుంది. మనుషుల్లో ఈ ఎంజైము లేదు.

ఇలాంటి గొడుగు మొక్కలకే కాదు, రాతిమీది సూక్ష్మజీవులకూ ఉంది. మేలూరు దగ్గర రాతికొండలున్న అరిట్టాపట్టిని 2022 నవంబరులో తమిళనాడు తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇలాంటి రాతికొండల మీద వాననీరు జారే చోట నల్లటి చారలుంటాయి. చాలాచోట్ల అవి సయనోబాక్టీరియా కాలనీలు. ఇవి మొక్కలు కావు గానీ, మొక్కల్లోని పత్రహరిత కణికలకు పూర్వీకులు ఈ వంశంవే. వీటిలో చాలా జాతులు తమ చుట్టూ ఉండే తొడుగులో సైటోనెమిన్ అనే గోధుమవర్ణకాన్ని నింపుకుంటాయి. వేసవిలో కణం ఎండి, పనులన్నీ ఆగిపోయినా ఆ వర్ణకం యూవీని అడ్డుకుంటూనే ఉంటుంది. వాన పడ్డాక కణం మళ్లీ కిరణజన్య సంయోగక్రియ మొదలుపెడుతుంది.