పుష్కర వర్తకము

కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలు కలియుచున్నవి. సరస్వతి అంతర్వాహిని యని భక్తుల విశ్వాసము. కావున నచ్చటి వర్తకునకు పుష్కరములు మూడు. 2015లో గోదావరికి, 2022లో ప్రాణహితకు, 2025 మే నెలలో సరస్వతికి పుష్కరములు జరిగినవి. పండ్రెండు దినములు జనసముద్రము, పిమ్మట నిత్యయాత్రికులే. యాత్రికుడు మరల రాడను తలంపుతో ధర పెంచినవానికి ఆనాటి లాభము దక్కును. వాని పేరు మాత్రము రేవు దాటదు.

ఇందుకు భిన్నమైన మార్గమును తెలుగువారే యొకరు చూపిరి. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు, జనులు గుమిగూడు సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టిరి. తలనొప్పి తగ్గినవాడే ఆ మందునకు ప్రచారకుడయ్యెను. విత్తనమునకు చల్లిన ధాన్యమును ఏ రైతును నష్టముగా లెక్కింపడు గదా! ఆ పంటయే 1908లో ఆంధ్రపత్రికా స్థాపనకును తోడ్పడినది.

2027లో గోదావరీ పుష్కరములు. కాళేశ్వరమున అంగడి పెట్టదలచినవారికి మా మనవి యిది: సరకు మంచిదిగా నుండవలెను, తూకము సరిగా నుండవలెను, ధర అందరికిని ఒక్కటే కావలెను. రుచి చూపుటకు వెనుదీయరాదు. పొట్లముపై పేరును, ఊరును అచ్చు వేయింపవలెను. యాత్రికుడు మరల రాకపోవచ్చును. వాని యూరినుండి బేరము రావచ్చును. ఒక్క కొనుగోలుదారునిలో ఒక గ్రామమును చూడగలవాడే వర్తకుడు; తక్కినవారు సంతకు వచ్చిపోవువారు.