బీరువా అడుగున పెళ్లి కేసెట్టు... టీవీ మీదకు తెచ్చే ‘ఇంటి సర్వర్’

పెళ్లి ఖర్చులో వీడియో ఒక పద్దుగా చేరిన రోజులవి. పందిట్లో ఫ్లడ్‌లైటు వెలుగుతుంటే, భుజాన కెమెరాతో తిరిగే వీడియో అతని వెంట పిల్లలు గుంపుగా పరుగులు తీసేవారు. 1980, 90 దశకాల్లో అలా తీసిన వీహెచ్‌ఎస్ కేసెట్లు పల్లెల్లో చాలా ఇళ్లలో బీరువా అడుగున, పట్టుచీరల మధ్య ఇంకా ఉన్నాయి. వాటిని వేసి చూసే వీసీఆర్ మాత్రం ఎప్పుడో అటకెక్కింది. చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆ పని మానుకుంది.

పోతే పోనీలే అని వదిలేయడానికి లేదు. పెద్దాయన కాలం చేసిన ఇంట్లో ఆయన నడక, నవ్వు, పిలుపు మిగిలింది ఆ కేసెట్టులోనే. గోడకు దండ వేసి ఉన్న ఫోటో మాట్లాడదు కదా! టేపుమీది అయస్కాంతపు పూత ఏటేటా బలహీనపడుతుంది. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. కేసెట్టు కిటికీలోంచి టేపుమీద తెల్లని చారలు కనిపిస్తే, దాన్ని వీసీఆర్‌లో పెట్టకూడదు. టేపు తెగవచ్చు, హెడ్డూ పాడవుతుంది. తెలిసినవారిచేత శుభ్రం చేయించాకే వేయాలి.

బాగున్న టేపునైతే పనిచేసే వీసీఆర్‌లో వేసి, పసుపుపచ్చ వైరు బొమ్మకు, ఎరుపు, తెలుపు వైర్లు శబ్దానికి పెట్టి, చిన్న క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటరులోకి ఎక్కించవచ్చు. ఇందులో తొందర కుదరదు. మూడు గంటల కేసెట్టు ఎక్కాలంటే మూడు గంటలూ ఆడాల్సిందే.

ఫైలు చేతికొచ్చాక పెన్‌డ్రైవులో పెట్టి టీవీకి గుచ్చితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. నాలుగు రోజులు సరిపోతుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవు ఎవరి జేబులో ఉందో తెలియదు. ఒక టీవీలో ఆడింది ఇంకో టీవీలో ఆడదు. మనవడి బారసాల ఒక ఫోనులో, గృహప్రవేశం మరో ఫోనులో ఉండిపోతాయి. అన్నీ ఒకచోట పెట్టి, ఏ టీవీలోనైనా చూసుకునే ఏర్పాటే మీడియా సర్వర్.

సర్వర్ అనగానే మనకు హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషి గుర్తొస్తాడు. ఇదీ ఆ పనే. హార్డ్‌డిస్కు వంటిల్లు, టీవీ మన బల్ల. రిమోటుతో అడిగిన వీడియోను సర్వర్ తెచ్చిపెడుతుంది. ఆ ఫైలు రకం టీవీకి అర్థం కాకపోతే, పళ్లులేని తాతకు అన్నం మెత్తగా పిసికి పెట్టినట్లు, అప్పటికప్పుడు మార్చి అందిస్తుంది. ఈ పిసికే పనికే కంప్యూటరు ఆయాసపడుతుంది. అందుకే మొదటే ఫైళ్లను హెచ్ 264 ఎంపీ4 రకంలో దాచుకుంటే పాత యంత్రమైనా సులువుగా నెట్టుకొస్తుంది.

కొత్తది కొనక్కరలేదు. పిల్లల చదువుకు కొని పక్కన పడేసిన లాప్‌టాప్ చాలు. దాని బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా కాసేపు ఆగదు. ఉబ్బితే మాత్రం వెంటనే తీయించేయాలి. జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, వీడియోలున్న ఫోల్డరు చూపాలి. ఆండ్రాయిడ్ టీవీలో అదే పేరుగల యాప్ పెట్టి, కంప్యూటరు చిరునామా, దాని వెంట 8096 అంకె కొట్టాలి. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. ఇంటర్నెట్ ఎక్కించుకునేటప్పుడే కావాలి. తర్వాత ఇంట్లో చూసేందుకు డేటా ఖర్చు కాదు. నెట్టు పోయినా పెళ్లి ఆడుతుంది. ఇరవై వాట్ల యంత్రం రోజంతా నడిచినా అర యూనిట్ లోపే. చూసేటప్పుడే వేసుకున్నా ఇబ్బంది లేదు.

అమెరికాలో ఉన్న అమ్మాయి కూడా చూడాలని పట్టుబడితే, ఇంటి రౌటరులో బయటివారికి తలుపు తెరవాల్సి వస్తుంది. తెలియక తెరిస్తే అమ్మాయితోపాటు దొంగా వస్తాడు. అంతకంటే ఆమె వచ్చినప్పుడు ఒక హార్డ్‌డిస్కు చేతికిచ్చి పంపడం మేలు. అది రెండో ప్రతిగానూ ఉంటుంది. హార్డ్‌డిస్కు చెప్పి పోదు. ఒక్కదాన్నే నమ్మితే కేసెట్టుకు పట్టిన గతే.

ఇక ఏ కంప్యూటరూ చేయలేని పని ఒకటుంది. ముప్పై ఏళ్లనాటి పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకున్నది ఎవరు, అలిగి పందిరి బయట నిలబడ్డ ఆ పెద్దమనిషి ఏ వరస అని అడిగితే, చెప్పగలిగేది ఇంట్లో బామ్మ ఒక్కతే. టీవీ మీద వీడియో ఆడుతుండగా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఎన్నో నిమిషంలో ఎవరున్నారో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఫోల్డరుకు పెట్టే పేరులో సంవత్సరం, ఊరు కూడా ఉండాలి. మూడు గంటల వీడియోకు మూడు సాయంత్రాలు పడుతుంది. మధ్యలో ఆమె ఆపమంటుంది, మళ్లీ వేయమంటుంది.